పేదదేశాలకు సాయం పెంచమని బ్రిటన్ ఎంపీకి రాస్తే ఉపయోగం ఉంటుందా? ఇరవై ఏళ్లుగా రాస్తున్న మనిషిగా నా సమాధానం

మీరు అడిగింది ముందు నాలుగు ముక్కల్లో మళ్లీ చెప్తాను, కొత్తగా చదివేవాళ్లకీ అర్థమవుతుంది. మీరు కోవెంట్రీలో ఉద్యోగం చేస్తున్నారు, స్కిల్డ్ వర్కర్ వీసా, ఇండియన్ పాస్‌పోర్ట్. మీ ఆఫీసులో ఒకావిడ, పేదదేశాలకు బ్రిటన్ ఇచ్చే సాయం తగ్గించొద్దు, పెంచండి అని మీ ఎంపీకి ఉత్తరం రాయమన్నారు. రాసే హక్కు నాకుందా, వీసాకి ఏమైనా ఇబ్బందా, ఒక్క ఉత్తరంతో ఏం ఒరుగుతుంది, మన దగ్గరే ఇంత పేదరికం ఉంటే ఆఫ్రికా గురించి అడగడమేంటి, అసలు ఆ డబ్బు పేదవాడికి చేరుతుందా? ఇవీ మీ అనుమానాలు.

రాయండి. తప్పకుండా రాయండి. కాకపోతే ఇలాంటి ప్రచారాల్లో పంచే ముద్రించిన కార్డు మీద సంతకం పెట్టి పంపడం కాదు, మీ సొంత మాటల్లో రాయండి. ఎందుకో, ఎలాగో చెప్తాను, కొంచెం పెద్ద సమాధానమే అవుతుంది, ఓపిక చేసుకోండి.

నేను 2004లో చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. 2005 నుంచి, సాయం పెంచమని ఎంపీలని అడిగే ఈ పని వాలంటీరుగా చేస్తున్నాను. ఇళ్లు మారినప్పుడల్లా ఎంపీ మారేవారు కాబట్టి మూడు వేర్వేరు పార్టీల ఎంపీల ఎదురుగా కూర్చుని మాట్లాడాను. గెలిచిన సందర్భాలు చూశాను, ఓడిపోయి ట్రైన్‌లో మాట లేకుండా ఇంటికొచ్చిన రోజులూ ఉన్నాయి.

మొదట హక్కు సంగతి, ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఇండియా కామన్వెల్త్ దేశం. చట్టబద్ధమైన వీసా మీద ఇక్కడ నివసిస్తున్న ఇండియన్ పౌరుడు బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. సిటిజన్‌షిప్ అక్కర్లేదు, ఐఎల్‌ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చేదాకా ఆగక్కర్లేదు, స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లలు కూడా వేయొచ్చు. ఆన్‌లైన్‌లో ఓటరుగా నమోదు చేసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఓటరు జాబితాలో పేరుంటే క్రెడిట్ స్కోర్‌కి కూడా మంచిది, ఇంకేమీ కాకపోయినా దానికోసమైనా చేయించుకోండి. ఇక ఎంపీకి ఉత్తరం రాయడానికి ఓటు కూడా అవసరం లేదు, ఆ నియోజకవర్గంలో నివసిస్తే చాలు. వీసా గురించి టెన్షన్ పడొద్దు. ఎంపీకి మర్యాదగా ఒక విన్నపం రాయడం ఇక్కడ చెత్త బిన్‌లు తీయలేదని కౌన్సిల్‌కి రాసినంత మామూలు విషయం.

ఇప్పుడు డబ్బు సంగతి. 1970లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఒక తీర్మానం చేసింది, సంపన్న దేశాలు తమ జాతీయ ఆదాయంలో 0.7 శాతం పేదదేశాల అభివృద్ధికి ఇవ్వాలని. అంటే దేశం వంద పౌండ్లు సంపాదిస్తే 70 పెన్నీలు. బ్రిటన్ ఆ మాట నిలబెట్టుకోవడానికి 2013 దాకా పట్టింది. 2015లో మైకేల్ మూర్ అనే ఎంపీ, మంత్రి కాకుండానే సొంతంగా పెట్టిన ప్రైవేట్ మెంబర్ బిల్లు చట్టమై, 0.7 శాతం ఇవ్వడం ప్రభుత్వానికి చట్టబద్ధమైన లక్ష్యం అయింది. 2021లో దాన్ని 0.5కి తగ్గించారు. 2025 ఫిబ్రవరిలో ప్రధాని స్టార్మర్, రక్షణ ఖర్చు పెంచడం కోసం 2027కల్లా 0.3కి తగ్గిస్తామని ప్రకటించారు. ఆ నిర్ణయాన్ని ఒప్పుకోలేక అభివృద్ధి శాఖ మంత్రి అనెలీస్ డాడ్స్ మూడు రోజుల్లో రాజీనామా చేశారు. అంటే వందకు 70 పెన్నీల నుంచి 30 పెన్నీలకు. అదే ఏడాది అమెరికా విదేశాలకు సాయమిచ్చే తన యూఎస్ఎయిడ్ సంస్థనే మూసేసింది. రెండు పెద్ద కుళాయిలు ఒకేసారి బిగించేస్తే కింద బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్ల గతేంటో ఆలోచించండి. ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పుడు రాస్తాం?

ఇంట గెలిచి రచ్చ గెలవాలి అంటాం కదా, మీ నాలుగో ప్రశ్న అదే. మన దగ్గర పేదరికం పెట్టుకుని ఇతరుల కోసం ఎందుకు అడగాలి అని. దీనికి నా జవాబు మా ఊరి నుంచే మొదలవుతుంది.

మా నాన్న నల్గొండ జిల్లాలో ప్రాథమిక పాఠశాల టీచరు. నా చిన్నప్పుడు ఏపీపీఈపీ అని ఒక కార్యక్రమం ఉండేది, ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు. డీఎస్సీ రాసినవాళ్లకి దాని ఆరు బోధనా సూత్రాలు ఇప్పటికీ గుర్తుండే ఉంటాయి. నాన్న ట్రైనింగ్‌కి వెళ్లొచ్చాక ఆయన క్లాసు మారిపోయింది. అంతకుముందు పలక మీద దిద్దించడం, ఎక్కాలు బట్టీ పట్టించడం తప్ప ఇంకేమీ ఉండేది కాదు. తర్వాత చింతగింజలతో లెక్కలు, ఆకులు ఏరుకొచ్చి సైన్సు, పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టడం, మేము గీసిన బొమ్మల్ని దారం కట్టి గోడకు వేలాడదీయడం. నా బొమ్మ, ఎడ్లబండిది, నెల రోజులు ఆ దారానికి వేలాడింది. నెలకోసారి చుట్టుపక్కల టీచర్లంతా టీచర్ సెంటర్‌లో కలిసేవాళ్లు, ఎవరు ఏ పాఠం ఎలా చెప్పారో ఒకరికొకరు చూపించుకునేవాళ్లు. ఆ ప్రాజెక్టు డబ్బు బ్రిటన్ ప్రభుత్వానిదని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. నేను నాన్నకి ఫోన్ చేసి అడిగితే ‘అవునురా, పైన ఎక్కడో రాసి ఉండేది’ అన్నారు, అంతే.

ఇది నాకు చాలా పెద్ద విషయం. ఎందుకంటే 1980ల్లో, 90ల్లో ఇక్కడ ఎవరో, మొహం తెలియని మనిషి, పన్ను కట్టారు. ఇంకెవరో సాయం తగ్గించొద్దని వాళ్ల ఎంపీకి రాసే ఉంటారు. వాళ్ల ఊళ్లో అప్పుడు పేదలు లేరా? గనులు మూతపడుతున్న కాలం అది, వేలమందికి పని లేదు. అయినా రాశారు. ఇప్పుడు ఇండియాకి ఆ పాతరకం గ్రాంట్లు రావట్లేదు. ఆపేస్తున్నామని 2012లో చెప్పి 2015తో ముగించారు, అది సరైనదేనని నా అభిప్రాయం. ఇప్పుడు ఆ వరుసలో నిలబడ్డది మలావీ, యెమెన్, సియెర్రా లియోన్. మన ఇంట్లో పనయింది కాబట్టి తలుపేసుకుందాం అనడం నాకు చేతకాదు. పైగా ఈ విషయం మీద మాట్లాడేవాళ్లలో ఇచ్చే వైపు నుంచి మాట్లాడేవాళ్లే ఎక్కువ, తీసుకున్న వైపు నుంచి ‘మా క్లాసులో ఇది జరిగింది’ అని చెప్పగలిగేవాళ్లు తక్కువ. మీరు, నేను చెప్పగలం. ఎంపీ ఆఫీసులో ఆ మాటకుండే బరువు వేరు, నేను కళ్లారా చూశాను.

ఇక ఉత్తరాలతో, ఊరేగింపులతో ఏమవుతుంది అన్నది. మీకు దగ్గర్లోనే జరిగింది చెప్తాను. 1998 మే 16న బర్మింగ్‌హామ్‌లో జీ8, అంటే ఎనిమిది పెద్ద దేశాల అధినేతల సమావేశం. పేదదేశాల అప్పులు రద్దు చేయాలని జూబిలీ 2000 అనే ఉద్యమం పిలుపిస్తే 70 వేలమంది వచ్చి నగరం మధ్య చేయీ చేయీ పట్టుకుని మానవహారం కట్టారు. చర్చిల నుంచి వచ్చిన ముసలమ్మలు, పిల్లల్ని భుజాల మీద కూర్చోబెట్టుకున్న నాన్నలు. ఆ రోజు దేశాధినేతలు ఊరి బయట ఒక బంగళాలో ఉంటే, టోనీ బ్లెయిర్ తిరిగొచ్చి ఉద్యమం వాళ్లని కలవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది కొలోన్ సమావేశంలో అప్పుల రద్దును బాగా విస్తరించడానికి ఒప్పుకున్నారు. ప్రపంచం మొత్తం మీద ఆ విన్నపం మీద సంతకాలు రెండు కోట్లు దాటాయి. దాని ఫలితం కాగితం మీద ఆగిపోలేదు. టాంజానియా 2001లో ప్రాథమిక బడుల్లో ఫీజు ఎత్తేసింది. జాంబియా 2006లో పల్లెల్లో ప్రభుత్వ వైద్యానికి ఫీజు తీసేసింది. అప్పు భారం తగ్గకపోతే ఆ డబ్బు వాళ్లకెక్కడిది?

2005 జులై 2న ఎడిన్‌బరోలో నేనూ ఉన్నాను. మేక్ పావర్టీ హిస్టరీ ఊరేగింపు, రెండు లక్షలకు పైగా జనం. అందరూ తెల్లబట్టలు వేసుకుని రమ్మన్నారు. నా దగ్గర ఉన్నదొక్కటే తెల్ల చొక్కా, ఇంటర్వ్యూలకి దాచుకున్నది. రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగి రోజంతా నడిచాను, పక్కన నడిచిన పెద్దావిడ తన శాండ్‌విచ్‌లో సగం ఇచ్చింది. ఆ వారంలోనే గ్లెనీగల్స్‌లో జీ8 దేశాలు 18 దేశాల అప్పుల రద్దుకు సరేనన్నాయి, 2010కల్లా సాయాన్ని ఏడాదికి 50 బిలియన్ డాలర్లు పెంచుతామన్నాయి. ఆ రెండో మాట పూర్తిగా నిలబెట్టుకోలేదు, అది కూడా చెప్పాలి. కానీ బ్రిటన్‌లో మాత్రం ఆ ఊపు వల్లే మూడు ప్రధాన పార్టీలూ 0.7 శాతాన్ని తమ మేనిఫెస్టోల్లో రాసుకున్నాయి, 2015 చట్టం దాకా వచ్చింది. ఎవరికి వాళ్లు వేరువేరుగా అడిగి ఉంటే వచ్చేది కాదు.

మరి అంత కష్టపడి తెచ్చుకున్న చట్టం 2021లో ఎందుకు నిలవలేదు? ఆ సంవత్సరం జులై 13న పార్లమెంటులో ఓటింగు. తగ్గింపుకి 333, వ్యతిరేకంగా 298. ముప్పై ఐదు ఓట్ల తేడా. అధికార పక్షంలోనే మాజీ ప్రధాని థెరిసా మేతో సహా పాతికమంది దాకా తమ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. మా ఎంపీ వేయలేదు. ఓటుకి వారం ముందు మా గుంపు ఐదుగురం జూమ్‌లో ఆయనతో నలభై నిమిషాలు మాట్లాడాం, చాలా శ్రద్ధగా విన్నారు, నోట్స్ రాసుకున్నారు, తగ్గింపుకే ఓటేశారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకు ఓడాం అని తర్వాత చాలా ఆలోచించాను. చట్టం వచ్చేసింది కదా అని 2015 తర్వాత మేము ఉత్తరాలు మానేశాం, అదే కారణం. ఆరేళ్లపాటు ఆ ఎంపీకి ఈ విషయం మీద వచ్చిన ఉత్తరాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ల సిబ్బందే చెప్పారు. సాయం దండగ అని రాసేవాళ్లు మాత్రం ప్రతి నెలా రాశారు. మొక్క నాటి నీళ్లు పోయడం మర్చిపోయింది మేమే.

ఆ తగ్గింపు వల్ల ఏమైందో ఒక్క ఉదాహరణ చెప్తాను, ఇది మీ ఉత్తరంలో వాడుకోండి. పోలియో నిర్మూలనకు బ్రిటన్ ఇచ్చే డబ్బుని 2021లో 10 కోట్ల పౌండ్ల నుంచి 50 లక్షలకు కోసేశారు, అంటే 95 శాతం కోత. సరిగ్గా మరుసటి ఏడాది, 2022 జూన్‌లో, లండన్ మురుగునీటిలో పోలియో వైరస్ బయటపడింది. ఆగస్టులో నగరంలోని ఒకటి నుంచి తొమ్మిదేళ్ల పిల్లలందరికీ మళ్లీ టీకా వేయాల్సి వచ్చింది. ఆ కోత వల్లే ఇది వచ్చిందని నేను అనట్లేదు, అలా అనడం తప్పు, అలా రాయొద్దు కూడా. జబ్బుకి పాస్‌పోర్ట్ అక్కర్లేదని మాత్రం రాయొచ్చు. ఇండియాలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్‌లో హౌరా దగ్గర. ఆదివారం పోలియో చుక్కల కోసం బడిలో వరుస కట్టిన రోజులు మనకి గుర్తే. అంత పెద్ద దేశంలో సాధ్యమైనది ఇంకెక్కడైనా సాధ్యమే అని చెప్పడానికి మనకంటే తగినవాళ్లు లేరు.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన ప్రశ్న, డబ్బు పేదవాడికి చేరుతుందా అన్నది. దీన్ని దాటేయొద్దు. ఎందుకంటే ఇదే సాయం, ఇదే బ్రిటన్, మన రాష్ట్రంలోనే బాగా వివాదాస్పదం కూడా అయింది.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ సంస్కరణలు మొదలైనప్పుడు ప్రపంచ బ్యాంకు అప్పుతో పాటు బ్రిటన్ అభివృద్ధి శాఖ, అప్పట్లో డిఫిడ్ అనేవాళ్లు, దాని గ్రాంట్లు కూడా అందులో ఉన్నాయి. 2000లో కరెంటు ఛార్జీలు పెరిగాయి, ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో నిరసనకారుల మీద జరిగిన పోలీసు కాల్పుల గురించి మీకు చెప్పక్కర్లేదు. నేను అప్పుడు హైదరాబాద్‌లో చదువుకుంటున్నాను, హాస్టల్ మొత్తం ఆ రాత్రి రేడియో చుట్టూ కూర్చుంది. కాల్పులకు బ్రిటన్ సాయమే కారణం అని నేను అనను. కానీ పైన ఎక్కడో గదిలో కూర్చుని రాసిన సంస్కరణల బరువు కింద ఎవరి నెత్తిన పడుతుందో అడగకుండా డబ్బిస్తే ఏమవుతుందో అప్పుడు చూశాం. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన విజన్ 2020 పత్రం కూడా అంతే. వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలని అందులో ఉంది. మరి మిగతావాళ్లు ఎక్కడికి పోవాలి?

ఆ ప్రశ్న అడిగింది మెదక్ జిల్లా ఆల్గోల్‌లో. 2001 జూన్‌లో అక్కడ ‘ప్రజాతీర్పు’ అని ఒక పౌర న్యాయస్థానం పెట్టారు. జ్యూరీలో సన్నకారు రైతులు, కూలీలు, ఎక్కువమంది ఆడవాళ్లు, చాలామంది దళితులు. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల వాళ్లు వచ్చి వాళ్ల ముందు సాక్ష్యం చెప్పారు. అన్నీ విని, ప్రశ్నలడిగి, మాకు ఈ దారి వద్దు, మా భూమి, మా విత్తనం, మా ఊరి మార్కెట్టు మా చేతిలో ఉండే దారి కావాలి అని తీర్పు చెప్పారు. ఆ తీర్పు నివేదిక బ్రిటన్ దాకా వచ్చి ఇక్కడ పెద్ద చర్చ జరిగింది, ఎందుకంటే మీ డబ్బు మా ఊళ్లో ఏం చేస్తోందో మీ ప్రజలకు తెలుసా అని అడిగినట్టే కదా. ఇరవై ఏళ్ల అనుభవంలో నేను నేర్చుకున్నదంతా ఆల్గోల్‌లో కూర్చున్న ఆ ఆడవాళ్లు అప్పుడే చెప్పేశారు. అందుకే నేను సాయం పెంచండి అని రాసిన ప్రతి ఉత్తరంలో, తీసుకునేవాళ్లని అడిగి ఇవ్వండి అని కూడా రాస్తాను. ఒకటి రాసి ఒకటి వదిలేస్తే సగం ఉత్తరమే.

ఇలా అడగడం వల్ల చట్టాలే మారాయి. మలేసియాలో పెర్గావ్ డ్యామ్ అని ఉంది. దానికి బ్రిటన్ 23 కోట్ల పౌండ్లకు పైగా సాయం ఇచ్చింది, వెనకాల ఆయుధాల అమ్మకం ఒప్పందం ఉందని బయటపడింది. వరల్డ్ డెవలప్‌మెంట్ మూవ్‌మెంట్ అనే ప్రజాసంఘం ప్రభుత్వాన్ని కోర్టుకీడిస్తే 1994లో హైకోర్టు ఆ సాయం చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది. ఆ దెబ్బతోనే, సాయం తీసుకుంటే మా కంపెనీల దగ్గరే కొనాలి అనే షరతు తర్వాత పోయింది. 2002 చట్టంలో సాయం పేదరికం తగ్గించడానికే ఇవ్వాలని రాశారు. గమనించండి, ఆ కేసు వేసినవాళ్లు సాయానికి శత్రువులు కారు, సాయం పెంచమని అడుగుతున్నవాళ్లే.

ఇప్పటి తప్పు ఇంకొకటి ఉంది, మీ ఎంపీకి అది తెలియకపోవచ్చు కూడా. 2023లో బ్రిటన్ సాయం మొత్తం దాదాపు 15.3 బిలియన్ పౌండ్లు. అందులో 4.3 బిలియన్లు, అంటే పావు కంటే ఎక్కువ, బ్రిటన్ లోపలే శరణార్థుల వసతికి, ఎక్కువగా హోటళ్లకి ఖర్చయింది. శరణు కోరి వచ్చినవాళ్లని చూసుకోవాల్సిందే, దానికి నేను వ్యతిరేకం కాదు. కానీ ఆ ఖర్చు హోమ్ ఆఫీసు, అంటే ఇక్కడి హోం శాఖ, తన సొంత బడ్జెట్ నుంచి పెట్టుకోవాలి. మలావీలో మందుల కోసం పెట్టిన డబ్బుతో ఇక్కడ హోటల్ బిల్లు కట్టి దాన్ని కూడా విదేశీ సాయం లెక్కలో వేయడం అన్యాయం. అంతర్జాతీయ నిబంధనలు మొదటి ఏడాది ఖర్చుని అలా లెక్కలో వేయడానికి ఒప్పుకుంటాయి, కానీ ఒప్పుకున్నంత మాత్రాన చేయాలని లేదు. సాయం మొత్తం పెంచడానికి ప్రభుత్వం వెంటనే ఒప్పుకోకపోయినా, ఈ ఒక్క మార్పుతో చాలా డబ్బు విడుదలవుతుంది. నన్నడిగితే ఇప్పుడు మీ ఉత్తరంలో ప్రధానంగా అడగాల్సింది ఇదే.

సరే, ఎలా రాయాలి. పైన మీ పూర్తి చిరునామా, పోస్ట్‌కోడ్ ఉండాలి. లేకపోతే ఎంపీ సిబ్బంది పక్కన పెట్టేస్తారు, ఎందుకంటే సొంత నియోజకవర్గం వాళ్ల ఉత్తరాలే చూడటం ఇక్కడి ఆనవాయితీ. ఒక పేజీ దాటొద్దు. మొదటి రెండు వాక్యాల్లో మీరెవరు, ఎక్కడ పనిచేస్తారు. తర్వాత ఒక సొంత అనుభవం. మీ అమ్మమ్మ ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్ల సమస్య కావొచ్చు, మీ బడి కావొచ్చు, తాతగారికి టీబీ మందులు ఉచితంగా దొరికిన సంగతి కావొచ్చు, నిజమైతే చాలు, గొప్పగా ఉండక్కర్లేదు. తర్వాత ఒకే ఒక్క అంకె. పది అంకెలు వేస్తే ఒక్కటీ గుర్తుండదు. చివర్లో ఒకే ఒక్క పని అడగండి, అవును కాదు అని జవాబు చెప్పగలిగే పని. ‘పేదరికం మీద పోరాడండి’ అంటే ‘నేనూ పోరాడుతున్నాను, మీ ఆసక్తికి ధన్యవాదాలు’ అని తయారుగా ఉన్న జవాబు వస్తుంది. ‘హోటళ్ల ఖర్చుని సాయం బడ్జెట్ నుంచి ఎప్పుడు తీసేస్తారని విదేశాంగ మంత్రికి లిఖితపూర్వకంగా ప్రశ్న వేస్తారా?’ అంటే తప్పించుకోలేరు. ఇంకో మాట కూడా చేర్చండి, ‘దయచేసి నా ఉత్తరాన్ని మంత్రికి పంపి, వారి జవాబు నాకు తెలియజేయండి’ అని. ఎంపీ పంపితే మంత్రి పేరుతో సంతకమున్న జవాబొస్తుంది. మనం నేరుగా పంపితే శాఖలో ఎవరో అధికారి జవాబిస్తారు. రెండింటికీ తేడా చాలా ఉంది, ఎందుకంటే మంత్రి సంతకం పెట్టే ముందు ఎవరో ఒకరు ఆ విషయం ఆయనకి చెప్పాలి.

వ్యంగ్యం వద్దు, తిట్లు వద్దు. ఆ ఉత్తరం మొదట చదివేది చాలావరకు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల ఆఫీసు సిబ్బంది. పొద్దున్నుంచి తిట్లు చదివి చదివి ఉంటారు. మర్యాదగా, మనసు పెట్టి రాసిన ఉత్తరాన్ని వాళ్లే తీసుకెళ్లి ఎంపీ బల్ల మీద పెడతారు. నాకు ఒకసారి అలాగే జరిగింది. 2021 ఓటు తర్వాత కోపం దిగాక, అదే ఎంపీకి పోలియో గురించి మా బడి చుక్కల సంగతి రాశాను. రెండు నెలల తర్వాత ఆయన పార్లమెంటులో పోలియో నిధుల గురించి ప్రశ్న వేశారు. తగ్గింపుకి ఓటేసిన మనిషే. ఓటు పోయింది కదా అని రాయడం మానేసి ఉంటే ఆ ప్రశ్న వచ్చేది కాదు.

పార్లమెంటు వెబ్‌సైట్‌లో పిటిషన్లు కూడా ఉంటాయి, ఇక్కడ నివసించేవాళ్లు ఎవరైనా సంతకం పెట్టొచ్చు. పదివేలు దాటితే ప్రభుత్వం జవాబివ్వాలి, లక్ష దాటితే చర్చకు పరిశీలిస్తారు. పెట్టండి, అర నిమిషం పని. కానీ దాన్నే పెద్దగా నమ్ముకోవద్దు, సొంత ఉత్తరానికున్న బలం దానికి లేదు.

అన్నిటికంటే బలమైనది నేరుగా కలవడం. ఎంపీలు ఎక్కువగా శుక్రవారాలు, శనివారాలు నియోజకవర్గంలో జనాన్ని కలుస్తారు, దాన్ని సర్జరీ అంటారు. ఆఫీసుకి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడిగితే ఇస్తారు. పది, పదిహేను నిమిషాలే ఉంటుంది. ఒక్కరు వెళ్లడం కంటే ముగ్గురు వెళ్లడం మంచిది, మీ ఆఫీసు ఆవిడని, ఇంకో తెలుగువాళ్లని తీసుకెళ్లండి. ఒకరు కథ చెప్పాలి, ఒకరు అంకె చెప్పాలి, ఒకరు అడగాల్సింది అడిగి రాసుకోవాలి. అవతల ఎంపీ ‘మా ఓటర్లు ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వెయిటింగ్ లిస్టుల గురించే అడుగుతున్నారు’ అంటారు, నూటికి నూరుపాళ్లూ అంటారు. అప్పుడు వాదనకి దిగొద్దు. మోకాలి ఆపరేషన్ కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్న మనిషి బాధ నిజమైనదే. ‘అదీ నిజమే, మా పక్కింటాయన కూడా ఎదురుచూస్తున్నారు. వంద పౌండ్లలో ముప్పై పెన్నీలకు, యాభై పెన్నీలకు మధ్య తేడా గురించే మేం అడుగుతున్నాం’ అని చెప్పండి. సాయం అంటే బడ్జెట్‌లో ఎంతో పెద్ద వాటా అనుకునేవాళ్లే నాకు ఇంటింటికీ తిరిగినప్పుడు ఎక్కువగా ఎదురయ్యారు. పెన్నీల్లో చెప్పగానే చాలామంది మొహం మారడం చూశాను, ‘అంతేనా’ అంటారు. ఇంకొందరు ‘ఇండియాకి రాకెట్లున్నాయి కదా, మళ్లీ డబ్బెందుకు’ అంటారు. మీ మొహం చూసి తప్పకుండా అంటారు. నొచ్చుకోకండి. ఇండియాకి ఆ గ్రాంట్లు 2015లోనే ముగిశాయి, ఇండియా ఇప్పుడు తానే పొరుగుదేశాలకు సాయమిస్తోంది, ఒకప్పుడు తీసుకున్నవాళ్లు ఇచ్చేవాళ్లయ్యారంటే సాయం దండగ కాదనే కదా అర్థం, అని నవ్వుతూ చెప్పండి.

2025లో అంత పెద్ద కోత ప్రకటించాక కూడా, జూన్‌లో పిల్లల టీకాల కూటమి గావికి బ్రిటన్ ఐదేళ్లకు 1.25 బిలియన్ పౌండ్లు ఇస్తామంది. అంతకుముందు ఇచ్చిన 1.65 బిలియన్ల కంటే తక్కువే, నాకు తృప్తి లేదు. కానీ ఆ నెలల్లో మేము, మాలాంటి గుంపులు దేశమంతా ఎంపీలని ఎన్నిసార్లు కలిశామో నాకు తెలుసు. కలవకపోతే ఆ అంకె ఇంకా కిందికి పోయేదనే నా నమ్మకం. ఇప్పుడు కాపాడుకోవాల్సింది అలాంటివే, తర్వాత పెంచమని అడగడానికి పునాది ఉండాలి కదా.

రాశాక మూడు, నాలుగు వారాలు ఆగండి. జవాబు రాకపోతే ఒక్క ఫోన్ చేయండి, సిబ్బంది వెతికి పెడతారు. జవాబొస్తే అందులో మీరడిగిన దానికి సమాధానం ఉందో లేదో చూడండి, లేకపోతే మర్యాదగా మళ్లీ రాయండి. ముందు మీ పోస్ట్‌కోడ్ కొట్టి మీ ఎంపీ ఎవరో చూసుకోండి, కోవెంట్రీలో మూడు నియోజకవర్గాలున్నాయి, రోడ్డు దాటితే మారిపోతుంది. చిత్తుప్రతి రాసుకుని మీ పేరు, చిరునామా తీసేసి ఇక్కడ పెడితే చదివి చెప్తాను. తెలుగులో ఆలోచించి ముందు తెలుగులోనే రాసుకోండి, మీ ఊరి సంగతి అప్పుడే బాగా వస్తుంది, ఇంగ్లీషు సంగతి తర్వాత ఇద్దరం కూర్చుని చూద్దాం.